మామయ్య కళ్ళు, కారు లైట్లు

మా మామయ్యకు చూపు మందగించిందని సంఘమంతటి ముందు లేచి చెప్పింది నేనే. నన్నెవరూ అడగలేదు. ఆయనకు ముందుగా ఒక మాటైనా చెప్పలేదు. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ప్రార్థన మనవులుంటే చెప్పమనగానే కొంగు తల మీదికి లాక్కుని లేచాను. "మా మామయ్యకు కండ్లు సరిగ కనబడ్తలేవు. ఒప్పుకుంటలేరు. బండి నడుపుతనే ఉన్నరు. సంఘం ప్రార్థన చెయ్యాలె" అన్నాను. నా గొంతు వణికింది కూడా. అది నటన కాదు, నిజంగానే భయపడ్డాను. కానీ ఇప్పుడు తలుచుకుంటే ఆ వణుకు మీదే నాకు ఒళ్ళు మండుతుంది.

మగవాళ్ళ వైపు కూర్చున్న మామయ్య వెనక్కి తిరిగి నా వైపు చూశారు. అప్పటికే అందరూ ఆయన వైపు చేతులు చాపారు. ఏం చేయాలో తోచక ఆయన మోకాళ్ళ మీద కూర్చుని తల వంచారు. సంఘమంతా గొంతెత్తి ఆయన కళ్ళ కోసం ప్రార్థన చేసింది. నేనూ కళ్ళు మూసుకుని చేశాను.

మాది సూర్యాపేట. నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెబుతాను. మా ఆయన మిర్యాలగూడలో రైసుమిల్లులో సూపర్వైజరు, కోతల కాలంలో వారాల తరబడి ఇంటి ముఖం చూడడు. పిల్లలు హాస్టల్లో. అత్తమ్మ పోయాక ఇంట్లో మిగిలింది నేనూ మామయ్యా, ఆయన పాత కారూ. ఆయన బస్సు డ్రైవరుగా రిటైరయ్యారు. రిటైరయ్యాక ఎవరి దగ్గరో చిన్న కారు పాతది కొనుక్కున్నారు. సంఘం వాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో ఇళ్ళ దగ్గర సాయంత్రం ప్రార్థన కూటాలు పెట్టుకుంటారు. పాటలు పాడే ఆడవాళ్ళను, డోలకును, కంజీరలను కార్లో ఎక్కించుకుని తీసుకెళ్ళడం, మళ్ళీ ఎవరి గుమ్మం ముందు వాళ్ళను దింపడం, ఇది మామయ్య పని. డబ్బు తీసుకోరు. "నాకు పాట రాదు, వాక్యం చెప్ప రాదు. నాకొచ్చింది స్టీరింగే" అనేవారు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన ముఖంలో సంతోషం చూడాలి.

ఆ వర్షాకాలం తర్వాత ఆయన కొత్త మాట మొదలుపెట్టారు. "లైటు తక్కువైతున్నది బిడ్డా. రోడ్డు సక్కగ కనబడ్తలేదు." ఒకసారి కాదు, ప్రతి కూటం నుంచి వచ్చాక అదే మాట. నేను కాపీలు దిద్దుకుంటూ "బల్బులు మార్పియ్యండ్రి" అన్నాను. మార్పించారు. నాలుగు రోజులకు మళ్ళీ వచ్చి "కొత్త బల్బులేసినా గంతే ఉన్నది" అన్నారు. బల్బులు కొత్తవి, బ్యాటరీ నిరుడు వేయించింది, ఇంజిన్ ఒక్క తిప్పుకే అందుకుంటోంది. అయినా లైటు తక్కువంటే ఏమనుకోవాలి? ఆయనకు డెబ్భై దగ్గర పడుతున్నాయి. నేను అనుకోవలసింది అనుకున్నాను. ఆయనతో కారు ముందుకు వెళ్ళి ఒక్కసారి నిలబడి చూడలేదు. కార్లో వెళ్ళినప్పుడు కూడా వెనక సీట్లో ఆడవాళ్ళ మధ్య ఇరుక్కుని పాటలు పాడేదాన్ని, రోడ్డు ఎవరు చూశారు.

మునగాల అవతల లోపలి ఊరొకటి ఉంది. అక్కడ కూటానికి వెళ్తుంటే అదంతా జరిగింది. మా దగ్గర కోతలైతే సగం రోడ్డు రైతులదే. పగలంతా వడ్లు ఆరబోసి, పొద్దుగూకే వేళకు కుప్ప చేసి, పైన నల్ల పట్టా కప్పి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పెడతారు. ఆ రోజు కారు ఆ రాళ్ళ మీదికి ఎక్కింది. మామయ్య బ్రేకు కొట్టేసరికి వెనకాల మేమంతా ఒకరి మీద ఒకరం పడ్డాం. డోలకు ఒక చెల్లెమ్మ మోకాలికి తగిలి ఆమె ఏడ్చేసింది. కుప్ప కాడ కాపలా ఉన్నాయన లేచొచ్చి "కండ్లు నెత్తికెక్కినయా" అని అరిచాడు. మామయ్య దిగి ఆయనకు దండం పెట్టారు. తోసుకుపోయిన రాళ్ళను తన చేతులతోనే మళ్ళీ వరుసగా పెట్టి వచ్చారు. ఆ తర్వాతి ఆదివారమే నేను లేచి మనవి చెప్పింది.

ప్రార్థన చేసిన సంఘం ఆయన కార్లో ఎక్కడం మానేసింది. ఎవరూ మాట తూలలేదు, ఆ మాట చెప్పుకోవాలి. పాస్టరుగారు ఎంతో ప్రేమగా "పెద్దయ్యా, జర రెస్టు తీసుకోండ్రి, దేవుడు బాగు చేసినంక నడుపుదురు" అన్నారు. ఆడవాళ్ళు ఆటో మాట్లాడుకున్నారు. మా ఆయన మిర్యాలగూడ నుంచి ఫోన్లో "తాళాలు నీ దగ్గర పెట్టుకో" అన్నాడు. పెట్టుకున్నాను, నా హ్యాండ్‌బ్యాగులో. మామయ్య పొద్దున్నే లేచి కారు తుడవడం మాత్రం మానలేదు. తాళం లేని కారు అద్దాలు, డోర్లు తుడిచి, ముందు నిలబడి, లోపలికొచ్చి టీ తాగేవారు. కూటాలున్న సాయంత్రాలు వీధి చివర ఆటో ఆగిన చప్పుడు, ఆడవాళ్ళ మాటలు వినపడేవి. ఆయన టీవీ సౌండు పెంచేవారు.

కోదాడలో మంచి కంటి డాక్టరున్నాడని ఎవరో చెబితే ఒక శనివారం తీసుకెళ్ళాను. కారు నేనే నడిపాను. నాకు కారు నేర్పింది కూడా మామయ్యే. దారి పొడుగునా పక్క సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. గేరు మార్చాల్సిన చోట ఆయన ఎడమ పాదం మాత్రం తనంతట తానే కొంచెం కదులుతోంది. నేను చూడనట్టు ఉన్నాను.

డాక్టరు ముందు అక్షరాలు చదివించాడు. మామయ్య కింది వరుస దాకా గడగడా చదివారు. తర్వాత చుక్కలు వేసి, లైటు కొట్టి చూశాడు. డాక్టరు నా వైపు తిరిగి, "కళ్ళు బానే ఉన్నాయండి. శుక్లం ఇప్పుడిప్పుడే మొదలవుతోంది, ఈ వయసులో అది మామూలే. ఇప్పుడు ఆపరేషనూ అక్కర్లేదు, అద్దాల నంబరూ మారలేదు. అసలెందుకు తీసుకొచ్చారు?" అన్నాడు. "రాత్రి పూట రోడ్డు కనబడ్తలేదంటున్నరు" అన్నాను. "ఆ లోపమేం లేదండి" అన్నాడు. అయినా నాకు నమ్మకం కుదరలేదు చూడండి. ఇంకో డాక్టరుకు చూపిద్దామా అని ఆలోచిస్తూ బయటికొచ్చాను. మొండితనం నాకు ముందు నుంచీ ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు పొద్దు వాలింది. హైవే మీద ధాబాల వెలుగులున్నంత సేపూ ఏమీ అనిపించలేదు. మునగాల దాటాక ఎదురుగా బండ్లు లేని చోట రోడ్డు ఒక్కసారిగా మాయమైంది. ఎదురుగా ఏదో పసుపు మసక, అంతే. తెల్ల గీత కూడా సరిగా కనపడలేదు. నాకు నలభై నాలుగేళ్ళు, నా కళ్ళకు అద్దాలు కూడా లేవు. స్పీడు బాగా తగ్గించేశాను.

"హైబీమ్ వేసుకో బిడ్డా" అన్నారు మామయ్య, నెమ్మదిగా. వేశాను. మసక కొంచెం పైకి జరిగింది, అంతే తేడా. "ఎడమ దిక్కు అంచు చూసుకుంట పో. ముందు లారీ పోతున్నది, దాని వెనకాల లైట్లు పట్టుకొని పో" అన్నారు. అలాగే సూర్యాపేట దాకా ఆయన మాట మీద నడిపాను. నేను చెప్పింది ఇదే గదా అని ఆయన అనలేదు. అని ఉంటే ఎంత బాగుండేది. తిట్టి ఉంటే నేనూ తిరిగి ఏదో అనేదాన్ని.

మర్నాడు ఆదివారం ఆరాధనకు ఒంట్లో బాగాలేదని మానేశాను. సోమవారం స్కూలు ల్యాబులో మల్టీమీటరు అడిగి తెచ్చుకున్నాను. సాయంత్రం చీర కొంగు నడుముకు దోపి కారు బానెట్ ఎత్తాను. మామయ్య ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. "మేడమ్ వచ్చింది, ఇగ క్లాసు షురూ" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన నన్ను ఆటపట్టించడం అదే. నాకు నవ్వు రాలేదు.

బ్యాటరీ మీద మీటరు పెట్టాను, సరిగానే ఉంది. ఇంజిన్ వేయించి మళ్ళీ పెట్టాను, పద్నాలుగు వోల్టులు. అంటే ఛార్జింగూ బాగుంది. హెడ్‌లైటు వెనక ప్లగ్గు ఊడదీసి అందులో కొలిచాను. అక్కడా నిండుగా ఉంది. మరి ఎక్కడ పోతోంది? ప్లగ్గు చేతిలో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకు. ప్లగ్గు ఊడదీస్తే వైర్లో కరెంటు పారదు. పారకపోతే దారిలో ఎంత అడ్డంకి ఉన్నా వోల్టేజీ పడిపోదు. ప్రతి ఏడూ పదో తరగతి పిల్లలకు బోర్డు మీద లెక్క కట్టి చూపిస్తాను ఆ సంగతి. ప్లగ్గు మళ్ళీ పెట్టి, లైటు వెలుగుతుండగానే వెనక నుంచి మీటరు మొనలు దూర్చి కొలిచాను. పదికి కొంచెం పైన ఆగింది. బ్యాటరీ ఇచ్చిందాంట్లో నాలుగో వంతు బల్బు దాకా రావడమే లేదు.

ఎటు పోతోందో పట్టుకోవడం ఇక కష్టం కాదు. బ్యాటరీ ప్లస్ నుంచి బల్బు ప్లస్ దాకా కొలిచాను, నష్టం కొద్దిగానే. బ్యాటరీ మైనస్ నుంచి బల్బు ఎర్త్ దాకా, అంటే కరెంటు తిరిగి వెళ్ళే వైరు దాకా కొలిచాను, అక్కడ దొరికింది. మామయ్యను ఇండికేటరు వేయమన్నాను. ఇండికేటరు టిక్కుటిక్కుమన్నప్పుడల్లా హెడ్‌లైటు కూడా కునికిపాట్లు పడుతోంది. రెండింటికీ ఎర్త్ ఒకే చోట అన్నమాట. వైరు వెంట చెయ్యి పోనిస్తే రేడియేటరు పక్కన బాడీకి బిగించిన బోల్టు తగిలింది. దాని కింద తళతళలాడుతూ కొత్త పెయింటు.

ఆ పెయింటు నేను వేయించిందే. ముందు భాగం గీతలు పడి అసహ్యంగా ఉందని, కూటాలకు అలాంటి కారులో దిగితే నామోషీ అని వర్షాకాలంలో ఆయన వద్దంటున్నా పోరుపెట్టి వేయించాను. పెయింటు వేసినవాళ్ళు బోల్టు విప్పి, రంగు కొట్టి, ఆ రంగు మీదే వైరు బిగించేశారు. ఇనుముకు ఇనుము తగలక కరెంటు తిరిగి వెళ్ళే దారి ఇరుకైపోయింది. మామయ్య "లైటు తక్కువైతున్నది" అనడం మొదలైంది సరిగ్గా ఆ తర్వాతే.

బోల్టు విప్పాను. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా గీకాను. వైరు చివర కూడా గీకి, బిగించి, తుప్పు పట్టకుండా పైన వ్యాజిలైన్ రాశాను. లైటు వేయమన్నాను. ఎదురింటి గోడ మీద తెల్లటి వెలుగు పడింది. గోడ మీద పిల్లలు బొగ్గుతో రాసిన రాతలు కూడా చదువుకోవచ్చు. మామయ్య స్టీరింగు ముందు కూర్చునే ఆ గోడను చాలాసేపు చూశారు. "మంచిగైంది బిడ్డా" అన్నారు. నేను కారుకున్న తాళాలు తీసి, నా హ్యాండ్‌బ్యాగులో వేసుకోకుండా ఆయన చేతిలో పెట్టాను. తప్పయిపోయింది మామయ్యా అన్నాను. "ఏందమ్మా గివన్ని, పోయి చేతులు కడుక్కో" అన్నారు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. మర్నాడే కూటాల్లో పాటలు పాడే ఒక అక్క ఇంటికి వెళ్ళి, కళ్ళు బాగానే ఉన్నాయట, లోపం కారులోనే, ఇదీ సంగతి అని చెప్పాను. ఆమె నా గడ్డం పట్టుకుంది. "నీ అసొంటి కోడలు ఎవలకుంటది టీచరమ్మా. మామ మనసు నొస్తదని గిట్ల కప్పిపెడుతున్నవ్" అంది. మీటరు, ఎర్త్ వైరు, పెయింటు అని వివరించబోయాను. "అయ్యన్ని మాకేం ఎరుక. ఆ దినం నువ్వే గద ఏడ్సుకుంట చెప్పినవ్" అంది. పాస్టరుగారూ అంతే. డాక్టరు చీటీ చూపిస్తే, "మంచిదే అమ్మా, అయినా జర జాగ్రత్త మంచిది గదా" అన్నారు. త్రిపురారంలో ఏడాదికోసారి జరిగే పెద్ద కూటం దగ్గర పడుతోంది. దానికి అందరినీ తీసుకెళ్ళేది ఎప్పుడూ మామయ్యే. ఈసారి వాళ్ళు వ్యాను మాట్లాడే ఆలోచనలో ఉన్నారు. సంఘంలో నిలబడి చెప్పిన మాటను ఇంటింటికీ తిరిగి వెనక్కి తీసుకోలేమని నాకప్పుడు అర్థమైంది.

"ఆదివారం సాక్ష్యాలప్పుడు నేనే లేచి చెప్త" అన్నాను మామయ్యతో. దేవుడు చేసిన మేలును పదిమంది ముందు చెప్పుకోవడానికి మా దగ్గర ఆరాధనలో కొంత సమయం ఇస్తారు, దాన్ని సాక్ష్యం అంటారు. "వద్దులే బిడ్డా. అండ్ల సగంమంది పిల్లలు నీ బడిల సదువుతరు. మామ మీద లేనిపోనిది చెప్పిందంటరు" అన్నారు ఆయన. "అంటే అననియ్యండ్రి, పడాల్సిందాన్నే పడత" అన్నాను. పెద్ద రోషంగానే అన్నాను.

ఆదివారం వచ్చింది. ఒకామె తన కొడుకు ఉద్యోగం గురించి చెప్పింది. ఇంకొకాయన జ్వరం తగ్గిందని చెప్పాడు. పాస్టరుగారు "ఇంకెవరన్న ఉన్నరా" అని అడిగారు. నా ముందు కుర్చీ మీద చెయ్యి వేశాను. లేవడానికే వేశాను. నా ఎడమ పక్క నా క్లాసు పిల్ల తల్లి కూర్చుని ఉంది, కుడిపక్క డోలకు తగిలి ఏడ్చిన చెల్లెమ్మ. ఒక్క క్షణం ఆగుదాం అనుకున్నాను. మాటలు కూడదీసుకోవడానికని నాకు నేను చెప్పుకున్నాను.

అవతలి వైపు మామయ్య లేచారు.

"సంఘానికి వందనాలు" అన్నారు. ఆయన ఎప్పుడూ సాక్ష్యం చెప్పి ఎరగరు, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక చొక్కా అంచు పట్టుకున్నారు. "నా కోడలు నా కండ్ల కోసం మనవి పెట్టింది. నిజమే, నాకు చూపు తగ్గింది. నేనే ఒప్పుకోలే, దాచిపెట్టిన. మీరు ప్రార్థన చేసిన్రు. దేవుడు నా కండ్లు బాగు చేసిండు. కోదాడ డాక్టరు గూడ ఏం లేదన్నడు. నా కోడలు నా మీద ప్రేమతోని లేచింది. ఆమె చెప్పిందాంట్ల తప్పు లేదు." అని కూర్చున్నారు.

స్తోత్రం, స్తోత్రం అని అందరూ చప్పట్లు కొట్టారు. పాటలు పాడే అక్క కళ్ళు తుడుచుకుంది. పక్కనున్న చెల్లెమ్మ నా భుజం నిమిరింది. కుర్చీ మీది నా చెయ్యి ఎప్పుడు తీసేశానో తెలియదు. అప్పుడైనా లేవొచ్చు. కాదు, ఆయన కళ్ళకు ఎప్పుడూ ఏమీ కాలేదు, తప్పంతా నాదే అనొచ్చు. కానీ అంటే ఆయన అబద్ధం చెప్పినవారవుతారు కదా అని నాకో సాకు దొరికింది. సాకు దొరకగానే ప్రాణం కుదుటపడింది. సిగ్గులేని ప్రాణం.

అది నెలలో మొదటి ఆదివారం, యేసు మరణాన్ని తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఉంటుంది. మనసులో తప్పు ఉంచుకుని ఎవరూ తీసుకోవద్దని పాస్టరుగారు ప్రతిసారీ చెబుతారు. రొట్టె ముక్కల పళ్ళెం వరుసల వెంట చేతులు మారుతూ వెళ్తోంది. మామయ్య దగ్గరికి వచ్చింది. ఆయన పళ్ళెం అందుకుని, ముక్క తీసుకోకుండా, పక్కాయనకు అందించారు. అత్తమ్మను పాతిపెట్టిన వారం కూడా బల్ల మానని మనిషి. ఎవరూ గమనించలేదు, నేను తప్ప. తర్వాత పళ్ళెం మా వైపు వచ్చింది. తీసుకోకపోతే అటూ ఇటూ ఉన్నవాళ్ళు చూస్తారనిపించింది. నేను తీసుకున్నాను.

ఆ సాయంత్రమే కారు నిండింది. వ్యాను సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. త్రిపురారం కూటానికి మామయ్యే తీసుకెళ్ళారు. కాలువ గట్టు వెంట చీకట్లో రోడ్డంతా తెల్లగా కనపడుతుంటే వెనకాల ఆడవాళ్ళు ఒకటే పొగడ్త, దేవుడు తాతకు ఎంత చూపిచ్చిండో అని. మామయ్య అందరితో మాట్లాడుతూ, నవ్వుతూ నడిపారు. ఆయన పని ఆయనకు తిరిగి వచ్చింది, ఇప్పటికీ సాగుతోంది. బల్ల ఆదివారాలు మాత్రం ఆయన పళ్ళెం అలాగే పక్కకు అందిస్తున్నారు.

మొన్న ఇక ఉండబట్టలేక అడిగాను. కూటానికి బయల్దేరే ముందు కారు అద్దం తుడుస్తున్నారు, ఆడవాళ్ళింకా రాలేదు. "మామయ్యా, బల్ల ఎందుకు తీసుకుంటలేరు?" అన్నాను.

"అబద్ధపు సాక్ష్యం చెప్పిన గద బిడ్డా. ఎట్ల తీసుకుంట" అన్నారు, తుడవడం ఆపకుండానే.

"మరి నేను తీసుకుంటున్న గద" అన్నాను.

ఆయన గుడ్డ పిండి, మడిచి, డోరు సందులో పెట్టారు. నన్ను ఓదార్చాలనే చూశారు, ఆ సంగతి ఆయన ముఖంలో తెలుస్తూనే ఉంది.

"నువ్వేం మాట్లాడలే గదమ్మా" అన్నారు.